ఆఖరున రాసిన తేదీ

మే 21

డాక్టరమ్మ రోజూ రాయమంది. ఏం రాయాలమ్మా అంటే, "ఏదైనా సరే. తెలియనివాళ్ళకి చెప్పినట్టు రాయండి. రేపు చదివేది మీరే అయినా, రేపటికి మీకు గుర్తుండకపోవచ్చు" అంది. నవ్వుతూనే అంది.

నాది ఐదో క్లాసు చదువు. అక్షరాలు కోడి గెలికినట్టుంటాయి. ఎవరూ చూడరు కాబట్టి ఫరవాలేదు.

పాలు మాడ్చిన మాట నిజమే. ఒక్కసారి. పొయ్యి మీద పెట్టి మర్చిపోయాను, గిన్నె నల్లబడింది, ఇల్లంతా పొగ. అంతమాత్రానికే డాక్టరు దాకా తీసుకెళ్ళారు.

ఇంట్లో నేనూ నా కోడలూ. కొడుకు పెద్ద లారీ నడుపుతాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. కోడలికి డ్యాం ఆఫీసులో పని. మా వీధిలో నిలబడి తలెత్తితే డ్యాం గోడ కనిపిస్తుంది. బూడిద రంగు. సగం ఆకాశం అదే. దాని వెనకాల ఎన్ని నీళ్ళున్నాయో తలుచుకుంటే ముద్ద దిగదు. ముప్పై ఏళ్ళుగా తలుచుకుంటూనే ఉన్నాను.

మే 22

వెనక గదిలో పెట్టెల గురించి రాయాలి.

రెండు పెట్టెలు, పాతకాలపు కంప్యూటర్లు. పాతసామాన్ల దుకాణంలోంచి కోడలు తెచ్చింది. పసుపుపచ్చగా మారిన పళ్ళ రంగు. ఒకటి నడుస్తుంది, రెండోది విడిభాగాల కోసం. నడిచేదాన్ని నేను ముసలాయన అంటాను. పొద్దస్తమానం గురక.

"డ్యాం గోడ లోపల నూట పన్నెండు చోట్ల కొలిచే తీగలున్నాయి అత్తయ్యా. ఎక్కడ ఎంత నీరు ఊరుతోందో చెబుతాయి. అవన్నీ వచ్చి దిగేది ఇలాంటి పెట్టెలోనే. ముప్పై ఏళ్ళ నాటిది. చేసిన కంపెనీ మూతపడింది. లోపలి సిస్టమ్‌ని బాగుచేసే దిక్కు లేదు. వారానికోసారి గుడ్లు తేలేస్తోంది" అని కోడలు చెప్పింది.

"కొత్తది కొనొచ్చుగా?"

"తీగలు తగిలించే కార్డు కొత్తవాటిలో పట్టదు. మొత్తం మార్చాలంటే రెండేళ్ళంటున్నారు పైవాళ్ళు. వానలు రెండేళ్ళు ఆగుతాయా?"

అందుకని ఆ పెట్టెలోకి వేరే సిస్టమ్ ఎక్కిస్తోంది. దాన్ని ఎక్కడెక్కడి మనుషులో జీతం లేకుండా రాశారట. యూనిక్స్ అని పాతకాలపు పెద్దది ఒకటుందిట, దాని పోలికతో పుట్టిందిట. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. కాకపోతే ఈ పెట్టె పద్ధతి వేరు కాబట్టి, దీనికి తగ్గట్టు అడుగడుగునా మార్చి రాయాలి. పోర్టింగ్ అంటారట.

"అంటే ఎవరికో కుట్టిన జాకెట్టు విప్పి, మన కొలతకి మళ్ళీ కుట్టడం" అన్నాను.

"ఇంజనీరు గారికి రెండు గంటలు చెప్పాను అత్తయ్యా ఈ ముక్క!"

దీని చిప్పుకి తక్కువ మాటలే వచ్చట, వచ్చినవి మాత్రం చకచకా చేస్తుందట. రిస్క్ చిప్ అంది. నాలాగే అన్నాను. "మీకా? తక్కువ మాటలా?" అని నవ్వింది.

పక్కింటి టైలరమ్మకి చెబితే మూతి తిప్పింది. "ఊరికే వచ్చినదాన్ని నమ్ముకుని ఊరు ఊరంతా బతకాలా పెద్దమ్మా?" అంది. అప్పట్నుంచీ నాకూ అదే భయం.

మే 24

డ్యాం ఇంజనీరు వచ్చాడు. ఎండలో కూడా గొడుగు వదలడు. అందుకే గొడుగాయన అంటాం. డ్యాం కాపలా కాసే మనిషే గొడుగు వదలకపోతే మేమేం ధైర్యంగా ఉండాలి?

ముసలాయన ముందు కుర్చీ వేసుకు కూర్చుని, "తొమ్మిది రోజులు ఆగకుండా నడిపించి చూపించమ్మా. తొమ్మిదికి గంట తగ్గినా సంతకం పెట్టను. కింద పదకొండు వీధులున్నాయి" అన్నాడు.

"తన సిస్టమ్ మొత్తాన్నీ తనే మొదట్నుంచీ కట్టుకునేలా చేస్తాను సార్. దీని వేగానికి సరిగ్గా తొమ్మిది రోజులు పడుతుంది. ఎక్కడ బలహీనత ఉన్నా అందులో బయటపడుతుంది."

"కొత్త కంప్యూటర్లో అయితే?"

"గంట. కానీ అది దీనికి పరీక్ష కాదు. తన వంట తను వండుకుని తిని లేవాలి."

పదకొండు వీధుల్లో మాది మూడోది.

మే 27

పొద్దున మొదలైంది. తెర మీద అక్షరాలు పైకి పాకుతూనే ఉన్నాయి, చీమల బారులాగ. కోడలు ఆఫీసుకి పోతే నేను చూస్తూ ఉండాలి. అక్షరాలు గంటసేపు కదలకపోతే ఫోను చేయాలి. అంతే నా పని.

ప్లగ్గు పైన కాగితం అంటించింది. ఎర్ర అక్షరాలతో "తీయవద్దు" అని. ఇంట్లో ఉండేది ఇద్దరం. రాసింది తను. ఎవరికోసం రాసినట్టు?

మే 30

నాలుగో రోజు. ముసలాయన వీపు వేడిగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను. పదిసార్లు చూశాను.

కొడుకు ఫోను చేశాడు. నేను వంటింట్లో ఉన్నాననుకుని కోడలు స్పీకరు పెట్టింది. "అక్క దగ్గర పెడదాం. అక్కడైతే ఎప్పుడూ మనుషులుంటారు. పాలు మాడాయి, రేపు ఇల్లు మాడుతుంది" అంటున్నాడు. కోడలు, "ఇంకోసారి ఏమైనా అయితే చూద్దాం" అంది.

ఇంకోసారి.

నా కూతురు మంచిదే. కానీ వాళ్ళింట్లో నాకు కిటికీ లేని గది. పోయినసారి మూడు రోజులున్నాను, ఎటు తిరిగి పడుకున్నానో పొద్దున్నే తెలిసేది కాదు.

ఇంకోసారి ఏమీ కాదు. ఏమీ కాకుండా చూసుకుంటాను.

జూన్ 2

ఈరోజు ఏమీ జరగలేదు.

జూన్ 2, మళ్ళీ

మధ్యాహ్నం ఉరుములు వచ్చాయి. వాన పడలేదు. నేను పడుకున్నాను. లేచి చూస్తే తెర మీద అక్షరాలు ఉన్నాయి. ఏవో ఒకటి ఉన్నాయి. నేను పడుకున్నాను.

జూన్ 3

నిన్న సాయంత్రం కోడలు వచ్చి తెర చూసి, చేతిలో సంచీ కింద పెట్టకుండా అలాగే నిలబడిపోయింది. ముసలాయన కడుతున్న పని ఆగిపోయి, మళ్ళీ మొదటికి వచ్చి కూర్చున్నాడట. తెర మీద తేదీ 1970 జనవరి 1. టైము తెలియకపోతే ఈ సిస్టమ్ లెక్క మొదలెట్టేది అక్కడ్నుంచట. అప్పటికి నాకు పెళ్ళి కూడా కాలేదు.

"అత్తయ్యా, మధ్యాహ్నం కరెంటు పోయిందా?"

"ఏమో అమ్మా. పడుకున్నాను."

టైలరమ్మని అడిగింది. "పోలేదే! పొద్దుట్నుంచీ మోటారు మిషను మీదే ఉన్నాను, చూడు నడుం ఎలా అయిందో" అంది ఆవిడ. ఆవిడకి నడుం నొప్పి చెప్పుకోవడానికి ఇదొక వంక.

కోడలు వచ్చి కుర్చీలో కూలబడింది. "కరెంటు పోలేదంటే తప్పు నా ప్రోగ్రాములోనే ఉంది. తను పడిపోవడమే కాదు, గడియారం చిప్పుని కూడా చెరిపేసి పడిపోయింది. చేతిలో పలక వదిలేసి పక్కవాడి పలక మీద రాస్తోంది అత్తయ్యా. ఇలాంటిది డ్యాంలో పెడితే, గోడ పగిలినా పగల్లేదని చెబుతుంది."

"గడియారంలో బ్యాటరీ అయిపోయిందేమో" అన్నాను.

"కాదు. నాలుగు నెలల కిందట నేనే కొత్తది అతికించాను."

బ్యాటరీ మాట అక్కడితో వదిలేసి వెళ్ళి పొయ్యి వెలిగించాను.

జూన్ 5

కోడలు సెలవు పెట్టింది. రాసిందంతా వరస వరసగా చదువుతోంది. కాగితాలు గదినిండా. అన్నం పెడితే ఎండిపోయింది. కళ్ళు గుంటలు పడ్డాయి.

తప్పు ఉండే ఉంటుంది. మనిషి రాసింది కదా. వెతికితే ఏదో ఒకటి దొరక్కపోదు. దొరికితే మంచిదే కదా.

జూన్ 6

దొరకలేదు.

జూన్ 7

గొడుగాయన ఫోను. వానలు వారం ముందే వస్తాయట. కోడలు మాటలు వినిపించాయి. "తప్పు దొరక్కుండా ఎలా పెట్టను సార్? ... తెలుసు. నిన్న పాతది ఐదు గంటలు ఆగిందని తెలుసు. ... లేదు సార్, నామీద నాకే నమ్మకం లేదు."

ఫోను పెట్టేసి గోడకి తల ఆనించి నిలబడింది. నా కోడలు అలా నిలబడగా నేనెప్పుడూ చూడలేదు.

ఐదు గంటలు. ఐదు గంటలపాటు గోడ ఏమంటోందో వినేవాళ్ళు లేరు.

నేను తీసినా తీయకపోయినా తప్పు ఉండే ఉంటుంది కదా.

ఏం రాశాను నేను?

జూన్ 9

రాస్తాను. ఇక్కడైనా రాస్తాను.

రెండో తేదీ మూడు గంటలప్పుడు ఉరిమింది. కిటికీ అద్దాలు అదిరాయి. నా చిన్నప్పుడు పిడుగు పడి మా పక్కింటి రేడియో మాడిపోయింది, గోడ మీద నల్లటి మచ్చ ఎన్నేళ్ళయినా పోలేదు. ఉరిమితే ప్లగ్గులన్నీ లాగెయ్యమని మా అమ్మ చెప్పేది. లాగడం నా చేతికి తెలుసు, నేను ఆలోచించే పని లేదు. ఎర్ర అక్షరాలు కనిపించాయి. చదివాను కూడా. ముసలాయన మాడిపోతే కోడలి కష్టమంతా పోతుందనుకున్నాను. లాగేశాను.

గురక ఆగిపోయింది. అప్పుడు తెలిసింది ఏం చేశానో.

అరగంట తర్వాత ఉరుములు పోయాయి. ప్లగ్గు పెట్టాను. లేచాడు. అక్షరాలు వచ్చాయి, కానీ పాకడం లేదు. ఫోను చేయాలి. చేయలేదు. వెళ్ళి పడుకున్నాను. కళ్ళు మూసుకున్నాను కాబట్టి, పడుకున్నానన్నది అబద్ధం కాదనుకున్నాను.

ఇప్పుడు చెబితే ఇది ఇంకోసారి అవుతుంది. చెప్పకపోతే పదకొండు వీధులు. ఎటు చూసినా గొయ్యే.

జూన్ 9, సాయంత్రం

చెప్పాను.

తలుపు దగ్గర నిలబడే చెప్పాను, లోపలికి అడుగు పడలేదు. "అమ్మాయ్, తప్పు నీది కాదు. ఆ రోజు నేనే లాగాను."

కోడలు పెన్ను పట్టుకుని అలాగే నన్ను చూసింది. అరుస్తుందనుకున్నాను.

"స్విచ్చు ఆపారా, ప్లగ్గు లాగారా?"

"లాగాను."

"ఎంతసేపు?"

"అరగంట. ఉరుములు పోయేదాకా."

స్క్రూడ్రైవరు తీసుకుని ముసలాయన మూత విప్పింది. లోపల నల్ల చిప్పు మీద అతికించిన బ్యాటరీని వేలితో తాకితే ఊడి చేతిలోకి వచ్చింది. "అతుకు వదిలేసింది. నేను వేసిన అతుకే. కరెంటు తీయగానే మతి పోగొట్టుకున్నాడు. అంతే. ఇంకేం లేదు." నవ్వింది. వెంటనే ఏడ్చింది. "వారం రోజులు అత్తయ్యా! లేని దొంగ కోసం వారం రోజులు ఇల్లంతా వెతికాను. వానలు నెత్తిమీద ఉన్నాయి. ఎందుకు చెప్పలేదు?"

"మీ వదిన దగ్గర పెడతారని."

స్క్రూలు ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసింది. అప్పట్నుంచీ నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

జూన్ 10

పొద్దున టీ తెచ్చి నా పక్కన కూర్చుంది. ముఖం కడుక్కుంది కానీ కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"కోపం పోలేదు. అది తర్వాత" అంది. "డ్యాంలో వానలప్పుడు కరెంటు రోజుకి పదిసార్లు పోతుంది. జనరేటరు అందుకునేలోపు పెట్టె ఆగి లేస్తుంది. తొమ్మిది రోజులు ఆగకుండా నడుస్తుందా అనే చూశాను కానీ, ఆగితే ఎలా లేస్తుందో చూడలేదు. అక్కడి పెట్టెలోనూ ఇదే చిప్పు, ఇదే వయసు. లేచి 1970 అందనుకోండి, కొలతలన్నీ తప్పే. నీరు రెండు వేళ్ళు పెరిగిందా అన్నది కాదు, ఎంతసేపట్లో పెరిగిందన్నదే ముఖ్యం."

నేను అప్పుడే ఈ పుస్తకం తెరిచి తేదీ వేయబోతున్నాను. దాచబోయాను, చూసేసింది.

"తేదీ ఎలా తెలుస్తుంది మీకు? క్యాలెండరు చూస్తారా?"

"నిన్నటి కాగితం చింపానో లేదో గుర్తుండదు కదే. ఇందులో ఆఖరున రాసిన తేదీ చూస్తాను. ఇవాళ దానికి ముందైతే కాదు కదా. అక్కడ్నుంచి లెక్కపెట్టుకుంటాను."

టీ గ్లాసు కింద పెట్టేసింది. "వేరే రకం పెట్టెల్లో ఈ సిస్టమ్ చేసేది ఇదే అత్తయ్యా! గడియారం మతి తప్పితే, డిస్కు మీద ఆఖరున రాసిన టైము చూసి అక్కడ్నుంచి మొదలుపెడుతుంది. చిప్పు ఉంది కదా, తర్వాత చూద్దాం అని నేను పక్కన పెట్టేశాను. తర్వాత ఎప్పుడు చూసేదాన్ని? గోడ కూలాకా?"

మధ్యాహ్నానికి రాసేసింది. బ్యాటరీ కావాలనే పెట్టలేదు.

"లాగండి" అంది.

"నేనా?"

"అలవాటున్న చెయ్యి కదా!"

ఉడికిస్తోందని తెలుసు. ఆ రోజు తనంతట తనే లాగిన చెయ్యి, లాగమంటే ముందుకి పోలేదు. కళ్ళు మూసుకుని లాగాను. పెట్టాను. ముసలాయన గురక పెట్టి లేచి, గడియారాన్ని నమ్మడానికి లేదని ఒక వరస, ఆఖరున రాసిన టైముతో మొదలుపెడుతున్నానని ఇంకో వరస చూపించాడు. కోడలు చదివి వినిపించింది. జూన్ 10. నాలుగు నిమిషాలు వెనక. అంతే.

ఎనిమిదిసార్లు లాగించింది. ఎనిమిదిసార్లూ లేచాడు. బ్యాటరీ మళ్ళీ అతికించి, తొమ్మిది రోజుల పరీక్ష మొదలుపెట్టింది.

జూన్ 14

వాన. సన్నగా. అక్షరాలు పాకుతున్నాయి. ఉరిమింది. రెండు చేతులూ కిందపెట్టుకుని వాటి మీద కూర్చున్నాను.

జూన్ 19

తొమ్మిది రోజులు అయ్యాయి. గొడుగాయన వచ్చి తెర చూశాడు. "కరెంటు పోతే?" అని అడిగాడు. కోడలు నావైపు చూసి కనుబొమ్మ ఎగరేసింది. లాగాను. ముసలాయన లేచాడు. ఆయన సంతకం పెట్టాడు.

కొడుకు ఫోను చేస్తే కోడలు నా ముందే మాట్లాడింది. "మీ అమ్మని ఎక్కడికీ పంపించేది లేదు. ఇక్కడ ఆవిడకి పనుంది. ఏం పనా? ఆవిడ లాగితే లేవనిది డ్యాంలో పెట్టకూడదని తేల్చాం."

వదిలెయ్యలేదు, వెక్కిరిస్తోంది. వెక్కిరిస్తోందంటే కోపం పోతున్నట్టే.

జూన్ 20

ముసలాయన్ని డ్యాంకి తీసుకుపోయారు. వెనక గదిలో గురక లేదు. నాకు నిద్ర లేదు.

జూన్ 25

ఐదు రోజులుగా వాన ఆగలేదు. వీధిలోంచి గోడ కనిపించడం లేదు, అంతా నీళ్ళ తెర. కనిపిస్తే భయం, కనిపించకపోతే ఇంకా భయం. కోడలు నిన్నట్నుంచీ అక్కడే ఉంది. ఫోను చేసి, "ఊట పెద్దగా లేదు. సంచీ సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టుకోండి" అంది. ఊట లేకపోతే సంచీ దేనికి?

ఈ పుస్తకం సంచీలో పెడుతున్నాను. మందులు. మా ఆయన ఫోటో. కళ్ళజోడు నా ముఖం మీదే ఉంది, పది నిమిషాలు వెతికాను.

(తేదీ కింద)

కొండ మీది బడి. పిల్లల బల్లల మీద కూర్చున్నాం, మా మూడో వీధి వాళ్ళం. టైలరమ్మ మిషను తెచ్చుకోలేకపోయానని ఏడుస్తోంది. పైకి నడిపించింది మాత్రం ఆవిడే, నా చెయ్యి వదల్లేదు.

పొద్దున పదకొండింటికి సైరన్ మోగింది. ముప్పై ఏళ్ళుగా ఆ మోత కోసమే భయపడుతూ కూర్చున్నాను. తీరా మోగితే కాళ్ళు వాటంతట అవే నడిచాయి.

గేట్లన్నీ ఎత్తేశారట. కింద నీళ్ళు మా కిటికీ దాకా వచ్చాయట. గోడ నిలబడిందా? అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. కోడలి ఫోను కలవడం లేదు.

తర్వాత గొడుగాయన వచ్చాడు. నిలువునా తడిసి, జుట్టు నుదుటికి అతుక్కుని. చేతిలో గొడుగు లేదు. ఆ మనిషి గొడుగు లేకుండా రావడం నేనెప్పుడూ చూడలేదు. గోడ పోయింది, నా కోడలు పోయింది అనుకున్నాను.

నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నిలబడింది పెద్దమ్మా. గోడ నిలబడింది. పొద్దున ఏడింటికి కరెంటు పోయింది. తడికి బ్యాటరీ అతుకు మళ్ళీ వదిలింది, అయినా పెట్టె ఆగి లేచింది. జనరేటరు నలభై నిమిషాలు ఆలస్యంగా అందుకుంది, గడియారం కూడా నలభై నిమిషాలే వెనకబడింది. మీ కోడలు సరిచేసింది. అప్పుడు తెలిసింది, ఎడమ పక్క గోడ పాదం దగ్గర నెల రోజుల్లో ఊరేంత నీరు మూడు గంటల్లో ఊరిందని. వెంటనే గేట్లెత్తాం, సైరన్ కొట్టాం. ఆ టైము తప్పయి ఉంటే..." అని ఆపేశాడు.

"అమ్మాయి ఏదీ? నీ గొడుగేది నాయనా?"

"ఆ గది కప్పు కారుతోందమ్మా. పెట్టె మీద నా గొడుగు పట్టుకుని నిలబడింది. రమ్మంటే రాదు. ప్లగ్గు దగ్గరికి ఎవర్నీ రానివ్వడం లేదు, నన్ను కూడా."

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇంకా ఉరుముతూనే ఉంది. ఊట తగ్గుతోందట, పూర్తిగా తగ్గలేదట. తగ్గేదాకా ఆ పిల్ల చేతులు నొప్పెడతాయి.

ఇవాళ ఇరవై ఆరు అంటోంది టైలరమ్మ. కాదు ఇరవై ఏడు, నిన్న రాత్రి లెక్కలోంచి పోయింది అంటున్నాడు ఇంకెవరో. ఈ గదిలో క్యాలెండరు లేదు. నాకూ తెలియదు.

పుస్తకం తీసి చూశాను. తడవలేదు. ఆఖరున రాసింది జూన్ 25. ఇవాళ దానికి ముందైతే కాదు.

అక్కడ్నుంచి మొదలుపెడుతున్నాను.